రైల్వే పనులకు సొంత కంపెనీ: ఏ పాలసీ, ఎవరి పేరున?

బిలాస్‌పూర్‌లో తెలుగు వినిపించే వీధులన్నీ దాదాపు రైల్వే చుట్టూనే పుట్టాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పట్టాలు వేసింది. తర్వాత వాల్తేరు వైపు లైను కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరే జోన్ కేంద్రమైంది. పక్కనే బొగ్గు సంస్థ ఎస్‌ఈసీఎల్ ప్రధాన కార్యాలయం, సీపత్‌లో ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం.

తాత గ్యాంగ్‌మన్, తండ్రి లోకో షెడ్డులో ఫిట్టర్. ఐటీఐ లేదా డిప్లొమా చదివిన మనవడికి మాత్రం అదే ప్రాంగణంలో ఉద్యోగ ప్రకటన కన్నా టెండరు నోటీసే ఎక్కువసార్లు కనిపిస్తోంది. కోచ్‌ల శుభ్రత, ఏసీ మరమ్మతు, కేబుల్ వేయడం, పెయింటింగ్, వెల్డింగ్ వంటి ఎన్నో పనులు కాంట్రాక్టు మీద సాగుతున్నాయి. అందుకే కొందరు యువకులు పరీక్షలకు చదువుతూనే సొంత కంపెనీ పెట్టి, రైల్వే ఈ-టెండర్ల పోర్టల్ ఐఆర్‌ఈపీఎస్‌లో నమోదవుతున్నారు. ఈఎండీ (టెండరు ధరావతు), జీఎస్టీ, పీఎఫ్ కోడ్ గురించి సీనియర్లు బాగానే చెబుతారు. బీమా దగ్గరికి వచ్చేసరికి ‘ఏదో ఒక పాలసీ కాగితం జత చెయ్యి’ అనే సలహాతో సరిపెడతారు. కొత్త కంపెనీ మొదటి ఏడాదిలోనే మూతపడకుండా కాపాడేది ఆ కాగితమే. దాన్ని చూసి, చదివి, తెలిసి ఎంచుకోవాలి.

కంపెనీ వేరు, యజమాని వేరు

2013 కంపెనీల చట్టం ఒక్క మనిషే సభ్యుడిగా ‘వన్ పర్సన్ కంపెనీ’ పెట్టుకునే వీలు కల్పించింది. 2021 ఏప్రిల్ నుంచి దానికి ఉన్న మూలధన, టర్నోవరు పరిమితులను తీసేశారు. ఛత్తీస్‌గఢ్ రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ కార్యాలయం రాజధాని రాయ్‌పూర్‌లో కాకుండా బిలాస్‌పూర్‌లోనే, నెహ్రూ చౌక్ దగ్గర ఉంది. నమోదంతా ఆన్‌లైన్‌లోనే జరిగిపోతుంది.

నమోదైన రోజు నుంచీ చట్టం దృష్టిలో ఇద్దరు ఉంటారు: యజమాని, అతని కంపెనీ. వాటాలన్నీ ఒకరివే అయినా కంపెనీ ఆస్తి కంపెనీదే. ఈ తేడాను పట్టించుకోకపోతే బీమాలో ఏమవుతుందో 1925 నాటి ఒక బ్రిటిష్ తీర్పు చూపిస్తుంది. మకౌరా అనే ఎస్టేటు యజమాని తన కలపను కంపెనీకి అమ్మి, బదులుగా వాటాలన్నీ తీసుకున్నాడు. బీమా మాత్రం తన సొంత పేరున చేయించాడు. కలప కాలిపోయింది. ఆ కలప కంపెనీదే తప్ప అతనిది కాదు కాబట్టి బీమా సొమ్ము రాదని హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. కొన్న వస్తువు మీద ఎవరి పేరున హక్కు ఉంటే వారి పేరునే పాలసీ ఉండాలన్న ఆ సూత్రం ఇక్కడి బీమాకూ వర్తిస్తుంది.

బిలాస్‌పూర్‌లో ఈ పొరపాటుకు దారి తీసే పరిస్థితి మామూలుగానే వస్తుంది. కంపెనీ పెట్టకముందు కొన్న వెల్డింగ్ మెషిన్, జనరేటర్ బిల్లులు సొంత పేరున ఉంటాయి. కంపెనీ వచ్చాక కొన్నవి కంపెనీ పేరున ఉంటాయి. అన్నిటినీ ఒకే పాలసీలో, ఒకే పేరున రాయిస్తే క్లెయిమ్ రోజున సర్వేయర్ బిల్లులు అడుగుతాడు. పాత సామాను ముందుగా కంపెనీకి బదలాయించి, లెక్కల పుస్తకంలో చూపి, ఆ తర్వాత బీమా చేయించడమే సరైన వరుస.

ముందుగా లేబర్ పాలసీ

చేతిలో డబ్బు తక్కువగా ఉంటే మొదట కొనాల్సింది కార్మికుల పరిహార పాలసీ. సైట్లలో అందరూ దీన్ని డబ్ల్యూసీ పాలసీ అంటారు. పని చేస్తూ కార్మికుడు గాయపడినా, చనిపోయినా యజమాని పరిహారం చెల్లించాలని 1923 నాటి చట్టం చెప్పింది. ఆ బాధ్యత 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చింది. సాధారణంగా పాలసీ కొనమని అడిగేది టెండరు షరతు. పరిహారం కట్టమనేది చట్టం. పాలసీ లేకపోయినా బాధ్యత తప్పదు.

లెక్క చూస్తే దీని బరువు అర్థమవుతుంది. మరణిస్తే నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. 30 ఏళ్ల వ్యక్తికి ఆ గుణకం 207.98. 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం లెక్కలోకి తీసుకునే గరిష్ఠ జీతం నెలకు 15,000 రూపాయలు. అందులో సగం 7,500. హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. పది, పదిహేను లక్షల మూలధనంతో మొదలైన కంపెనీకి ఒక్క ప్రమాదం చాలు.

రైల్వే పనిలో ఈ ప్రమాదం ఊహ కాదు. పట్టాల పైన సాగే ఓహెచ్‌ఈ తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. 2025 ఆగస్టులో బిలాస్‌పూర్‌లోనే కోచ్ మీద పనిచేస్తున్న ఒక కాంట్రాక్ట్ కార్మికుడు కరెంటు తగిలి తీవ్రంగా గాయపడి చనిపోయాడు. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఆ ఘటనను తనంతట తానే విచారణకు తీసుకుంది. పని అప్పగించిన సంస్థ ముందుగా పరిహారం చెల్లించి, దాన్ని కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకునే వీలు చట్టంలో ఉంది. కాంట్రాక్టర్ సెక్యూరిటీ డిపాజిట్ నుంచి మినహాయించుకునే అధికారం రైల్వే కాంట్రాక్టు షరతుల్లో ఉంది.

ఈ పాలసీ తీసుకునేటప్పుడు నాలుగు విషయాలు తప్పకుండా చూడాలి. ఒకటి, కార్మికుల సంఖ్య, జీతం, పని స్వభావం నిజంగా ఉన్నట్టే రాయించాలి. ప్రీమియం తగ్గుతుందని ఎత్తు మీద చేసే పనిని ‘శుభ్రత పని’గా రాయిస్తే క్లెయిమ్ నిలిచిపోతుంది. రెండు, ఆసుపత్రి ఖర్చుల కవర్ విడిగా ఉందా అని అడగాలి. అసలు వైద్య ఖర్చు భరించడం 2010 నుంచి యజమాని బాధ్యత. అయినా చాలా పాలసీల్లో అది అదనపు ప్రీమియం కడితేనే వస్తుంది. మూడు, సబ్ కాంట్రాక్టర్ తెచ్చే మనుషులు కూడా పాలసీలోకి వస్తారో లేదో తేల్చుకోవాలి. నాలుగు, ఆలస్యానికి పడే వడ్డీ, జరిమానా ఎవరు కడతారో చదవాలి. పరిహారం నెలలోగా కట్టకపోతే ఏటా 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం వరకు జరిమానా కూడా పడవచ్చు. ఆ జరిమానా బీమా సంస్థ భరించాల్సింది కాదని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది.

పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఈఎస్‌ఐ వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ఈఎస్‌ఐలో ఉన్న కార్మికుడికి పని గాయాల ప్రయోజనం అక్కడి నుంచే అందుతుంది. మిగిలినవారికి డబ్ల్యూసీ కావాలి. ఎవరు ఎందులో ఉన్నారో మస్టర్ రోల్ పక్కనే రాసి పెట్టుకుంటే ఒక్క మనిషి కూడా రెంటి మధ్యా జారిపోడు.

పని, పనిముట్లు, పక్కవారి ఆస్తి

కట్టుబడి పనుల్లో అడిగేది కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ. దీన్ని కార్ పాలసీ అంటారు. యంత్రాలు, ప్యానెళ్లు బిగించే పనుల్లో ఎరెక్షన్ ఆల్ రిస్క్ తీసుకుంటారు. సగం కట్టిన గోడ వానకు కూలినా, సైట్‌లో పెట్టిన సామాను కాలినా ఇవి ఆదుకుంటాయి. బయటివారికి జరిగే నష్టానికి ఇందులో రెండో భాగం ఉంటుంది. అయితే పని ఇచ్చిన సంస్థకు చెందిన పాత ఆస్తి, అంటే చుట్టూ ఉన్న కేబుళ్లు, షెడ్డు, సిగ్నల్ పెట్టెలు మామూలుగా అందులోకి రావు. తవ్వుతూ తవ్వుతూ సిగ్నల్ కేబుల్ తెంచేయడం రైల్వే పనుల్లో జరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఆ అదనపు కవర్‌ను పేరు పెట్టి అడిగి రాయించుకోవాలి.

క్రేన్, జనరేటర్, కంప్రెసర్ వంటి వాటికి ప్లాంట్ అండ్ మెషినరీ పాలసీ ఉంటుంది. రోడ్డెక్కే వాహనానికి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సిర్గిట్టీలోనో తిఫ్రాలోనో చిన్న గోడౌన్ ఉన్నవారికి 2021 ఏప్రిల్‌లో వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష సరిపోతుంది. 5 కోట్ల రూపాయల లోపు ఆస్తులకు అది వర్తిస్తుంది. ఆస్తి విలువ 15 శాతం వరకు తక్కువ రాసినా క్లెయిమ్‌లో కోత పెట్టరు.

డిజైన్, సర్వే, సాఫ్ట్‌వేర్, సలహా పనులు చేసే కంపెనీలకు అవసరమైనది వేరు. వాటికి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ కావాలి. తప్పు డ్రాయింగ్ వల్ల క్లయింటుకు వచ్చిన నష్టాన్ని అది చూస్తుంది. ఈ పాలసీ క్లెయిమ్ వచ్చిన రోజున అమల్లో ఉండాలి. పని పూర్తయిందని రెన్యువల్ ఆపేస్తే, రెండేళ్ల తర్వాత వచ్చే నోటీసుకు రక్షణ ఉండదు.

గ్యారంటీ వేరు, బీమా వేరు

టెండరు దక్కగానే కాంట్రాక్టు విలువలో సాధారణంగా 5 శాతం పెర్ఫార్మెన్స్ గ్యారంటీ ఇవ్వాలి. 40 లక్షల పనికి అది 2 లక్షలు. బ్యాంకు గ్యారంటీ కోసం ఎఫ్‌డీ కట్టేసుకునే బదులు బీమా సంస్థలిచ్చే ష్యూరిటీ బాండు వాడుకునే దారి 2022 ఏప్రిల్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలతో తెరుచుకుంది. ఆ డిసెంబర్‌లో దేశంలో మొదటి ఉత్పత్తి వచ్చింది. తమ టెండరు పత్రం దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందు చూడాలి. ఇంకో సంగతి: పని మధ్యలో ఆగితే బీమా సంస్థ రైల్వేకు కట్టి, ఆ సొమ్మును కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటుంది. పేరులో బీమా ఉన్నా ఇది కాంట్రాక్టర్‌ను కాపాడే పాలసీ కాదు.

నిచ్చెన ఎక్కే డైరెక్టర్ సంగతి

చిన్న కంపెనీలో యజమానే మొదటి కార్మికుడు. లేబర్‌తోపాటు తనూ నిచ్చెన ఎక్కుతాడు. న్యూజిలాండ్‌లో లీ అనే పైలట్ తన సొంత కంపెనీకి తానే డైరెక్టర్, తానే ఉద్యోగి. పొలాల మీద ఎరువు చల్లుతూ విమానం కూలి చనిపోయాడు. అతని భార్యకు కార్మికుల పరిహారం రావాల్సిందేనని 1960లో ప్రివీ కౌన్సిల్ తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును నమ్ముకుని కూర్చోవడం మాత్రం ప్రమాదమే. డైరెక్టర్‌కు జీతం ఉందని నియామక పత్రంలో చూపించి, పాలసీలో అతని పేరు ఉందని రాతపూర్వకంగా తీసుకోవాలి.

టర్మ్, ఆరోగ్య, వ్యక్తిగత ప్రమాద పాలసీలు యజమాని సొంత పేరున విడిగా ఉండాలి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్‌కు డైరెక్టర్ సొంత హామీ సంతకం పెట్టాక అప్పు ఇంటి దాకా వస్తుంది కాబట్టి, టర్మ్ మొత్తం ఆ అప్పు తీరేంత ఉండాలి. సైట్‌లో పనిచేసే ప్రతి మనిషికీ ఏడాదికి 20 రూపాయలతో దొరికే ప్రధాన మంత్రి సురక్షా బీమాలో 2 లక్షల ప్రమాద రక్షణ ఉంది. అది డబ్ల్యూసీకి బదులు కాదు, అదనం.

కొనేముందు, క్లెయిమ్ వచ్చాక

టెండరు పత్రంలో బీమా షరతులున్న పేజీలను ప్రింటు తీసి, కనీసం మూడు చోట్ల కొటేషన్ అడగాలి. ప్రీమియం ఒక్కటే పోల్చకుండా మినహాయింపులు, సొంతంగా భరించాల్సిన ఎక్సెస్, గడువు తేదీ పక్కపక్కన రాసుకోవాలి. పని గడువు పెంచితే పాలసీ గడువునూ అదే వారం పెంచాలి.

ప్రమాదం జరిగితే ముందు ఆసుపత్రి, వెంటనే బీమా సంస్థకు రాతలో సమాచారం, ఆపైన ఫొటోలు, హాజరు పట్టీ, జీతం చెల్లించిన బ్యాంకు రుజువు. క్లెయిమ్ తిరస్కరిస్తే మొదట ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. తర్వాత హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్ ఉంది. 50 లక్షల రూపాయల లోపు వివాదాల్లో బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి సూక్ష్మ సంస్థలు కూడా వెళ్లవచ్చు, దానికి ఫీజు లేదు. కంపెనీ సూక్ష్మ సంస్థే అని చూపడానికి ఉద్యమ్ నమోదు పత్రం పనికొస్తుంది. ఆ నమోదు కూడా ఉచితమే. మొదటి టెండరు వేయకముందే దాన్ని పూర్తి చేసి పాలసీల ఫైల్లో పెట్టుకోవాలి.