అడ్వకేట్ జనరల్ ఎవరి న్యాయవాది?

“ప్రభుత్వం తరఫున అడ్వకేట్ జనరల్ హైకోర్టుకు విన్నవించారు” అన్న మాట పత్రికల్లో తరచు చదువుతుంటాం. ఆయన ఎవరు? ఆయన అధికారం ఎంత? సామాన్య కుటుంబానికి ఆయనతో పనేమిటి?

రాజ్యాంగంలోని 165వ అధికరణం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ గవర్నర్ ఒక అడ్వకేట్ జనరల్‌ను నియమిస్తారు. ఆయనకు హైకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హత ఉండాలి. నిర్ణీత పదవీకాలం లేదు. ప్రభుత్వానికి న్యాయ సలహా ఇవ్వడం, కోర్టులో దాని పక్షాన వాదించడం ఆయన ముఖ్య విధులు. శాసనసభలో మాట్లాడవచ్చు కాని ఓటు వేయరాదు. కేంద్ర ప్రభుత్వానికి ఇలాంటి సేవ చేసేవారే అటార్నీ జనరల్.

మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలో రాష్ట్రానికో అటార్నీ జనరల్ ఉంటారు. 43 రాష్ట్రాల్లో వారిని ప్రజలే ఎన్నుకుంటారు. 1998లో 46 రాష్ట్రాల అటార్నీ జనరళ్ళు సిగరెట్ కంపెనీలతో ఒప్పందం కుదుర్చుకుని, 25 ఏళ్ళలో 20 వేల కోట్ల డాలర్లకు పైగా చెల్లించేలా చేశారు. మన అడ్వకేట్ జనరల్‌కు ప్రజల ఓటు లేదు. ఆయన కక్షిదారు ప్రభుత్వమే.

ఈ తేడా హైటెక్ సిటీకి దగ్గరలోని కంచ గచ్చిబౌలి భూముల్లో కనిపించింది. క్రీడల కోసమని ఐఎంజీ భారత సంస్థకు ఇచ్చిన అక్కడి 400 ఎకరాల కేటాయింపును ప్రభుత్వం 2006లో రద్దు చేసింది. 2024 మార్చిలో హైకోర్టు ప్రభుత్వ వాదనను అంగీకరించింది. మేలో సుప్రీంకోర్టు కూడా సంస్థ అప్పీలును త్రోసిపుచ్చింది. అలా ప్రజల భూమి నిలిచింది. కాని 2025 మార్చి చివర అదే భూమిలో ప్రభుత్వమే చెట్లు కొట్టించింది. అప్పుడు విద్యార్థులు, పర్యావరణ ప్రేమికులు ప్రజాప్రయోజన వ్యాజ్యాలతో కోర్టుకెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుని ఆ పనులు ఆపించింది. రెండుసార్లూ ప్రభుత్వ న్యాయవాదులు ప్రభుత్వ పక్షానే నిలబడ్డారు. అది వారి విధి.

అయితే ప్రజల పక్షాన కదిలే అధికారమూ చట్టం అడ్వకేట్ జనరల్‌కు ఇచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద పదిమందికి హాని చేసే పనిపై, ఉదాహరణకు చెరువులోకి మురుగు వదలడంపై, ఆయన దావా వేయవచ్చు. 92వ సెక్షన్ కింద ధార్మిక, ధర్మాదాయ ట్రస్టుల సొమ్ము దుర్వినియోగమైతే లెక్కలు అడగవచ్చు, ధర్మకర్తను తొలగించమని కోరవచ్చు.

ఆయన కదలకపోతే? తలుపు మూయబడలేదు. కోర్టు అనుమతితో ఇద్దరు పౌరులు కలిసి ఈ దావాలు వేయవచ్చు. 92వ సెక్షన్ కింద వేసేవారికి ఆ ట్రస్టుతో సంబంధం ఉండాలి. 1976 సవరణకు ముందు 91వ సెక్షన్ దావాకు అడ్వకేట్ జనరల్ సమ్మతే కావలసి వచ్చేది. నేడు ఆ అడ్డంకి లేదు. ఖర్చుకు భయపడనక్కర లేదు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

కనుక ప్రభుత్వ న్యాయవాది ఉన్నారు కదా అని పౌరుడు నిద్రపోరాదు.

కుటుంబంలో చర్చించుకోండి:
1. మన వాడలో పదిమందికి హాని చేస్తున్న పని ఏదైనా ఉందా?
2. దానిపై అర్జీ పెట్టడానికి మనతో నిలిచే రెండో వ్యక్తి ఎవరు?