పన్ను నొప్పి కర్మ కాదు: రెండు బాణాల పాఠం

 

పోయిన పున్నమి నాడు వందనకు, మిరపకోతలకు పోయే ఒక అక్క దవడకు కొంగు కట్టుకుని వచ్చి కూర్చుంది. పంచశీల చెప్పేటప్పుడు కూడా నోరు తెరవలేదు. అందరూ లేచాక ఏందక్కా అని అడిగితే ఇలా చెప్పింది: "దవడ పన్ను సలుపుతా ఉందన్నా, ఇరవై రోజులైంది. ఆర్ఎంపీ బిళ్ళలిచ్చాడు. వేసుకుంటే తగ్గుద్ది, మానేస్తే మళ్ళీ వస్తది. పోయిన జన్మలో ఎవరి నోరు కొట్టావో అంటంది మా అత్త. నువ్వేమో దుఃఖం ఉంది, దుఃఖం ఉంది అని పాఠం చెప్తివి. ఓర్చుకోవాల్నా, ఏం చెయ్యాల?"

ఈ నెల పాఠం ఆ అక్క అడిగిన దాని మీదే.

ముందు అత్తగారి మాట చూద్దాం. ఇదే మాటను మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణే అడిగాడు. సంయుత్త నికాయంలో ఉంది. మనిషి అనుభవించే ప్రతి సుఖం, ప్రతి నొప్పి పూర్వం చేసినదాని ఫలితమే అని కొందరు అంటున్నారు, మీరేమంటారు అన్నాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. పైత్యం వల్ల నొప్పి వస్తుంది, శ్లేష్మం వల్ల వస్తుంది, వాతం వల్ల వస్తుంది, ఈ మూడూ కలిసినా వస్తుంది, కాలం మారినా, ఒంటిని సరిగ్గా చూసుకోకపోయినా, దెబ్బ తగిలినా వస్తుంది అని వరసగా చెప్పాడు. కర్మను ఎనిమిదో కారణంగా చివర పెట్టాడు. అంతా పూర్వకర్మే అనేవాళ్ళు కళ్ళ ముందు కనపడే దాన్ని దాటి మాట్లాడుతున్నారన్నాడు. బాబాసాహెబ్ ఇంకో అడుగు ముందుకు వేశారు. 1957లో అచ్చయిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో, పోయిన జన్మ కర్మ ఈ జన్మకు వస్తుందన్న మాటనే తోసిపుచ్చారు. ఎందుకో మనకు వేరే చెప్పాలా? వెలివాడలో పుట్టడం మీ కర్మ అని చెప్పిన నోరే, పన్ను పుచ్చడం కూడా నీ కర్మ అంటుంది.

మరి పన్ను ఎందుకు పుచ్చుతుంది? పళ్ళ సందుల్లో ఇరుక్కున్న తీపినీ, అన్నం మెతుకులనీ సూక్ష్మక్రిములు తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. ఆ పొర ఒంట్లో ఎముక కన్నా గట్టిది, కానీ కరిగితే మళ్ళీ పెరగదు. గుంట లోపలి పొర దాకా పోతే చల్లనీళ్ళు తాగినప్పుడు జిల్లుమంటుంది. అప్పుడు పోతే సిమెంటుతో పూడ్చి పంపిస్తారు, ఒక్క పూట పని. మనం అప్పుడు పోము. ఇంకా లోపల, పంటి నడిమధ్యన రక్తనాళాలూ నరమూ ఉండే మెత్తటి గుజ్జు ఉంది. క్రిములు అక్కడికి చేరాక రాత్రిళ్ళు నిద్రపట్టని సలుపు మొదలవుతుంది. నొప్పి బిళ్ళ ఆ సలుపును కాసేపు కప్పిపెడుతుంది కానీ లోపలున్న కుళ్ళును ముట్టుకోదు. లవంగ నూనే అంతే. ఇక పంటి మీద పొగాకు నలిపి పెట్టడం, కిరోసిన్ దూది పెట్టడం చిగుళ్ళను కాల్చే పనులు.

రూట్ కెనాల్ అంటే భయపడేంత పనేమీ కాదు. మత్తు సూది వేస్తారు. పంటికి పైన చిన్న రంధ్రం చేసి, సన్నటి సూదుల్లాంటి ఆకురాళ్ళతో వేళ్ళ దాకా పోయి పాడైన గుజ్జు తీసేస్తారు. మందు నీళ్ళతో కడిగి, గట్టా పెర్చా అనే రబ్బరు లాంటి చెట్టుపాల పదార్థంతో ఆ దారులు మూసేస్తారు. పైన టోపీలాగా క్యాప్ పెడతారు. ఒకటి నుంచి మూడు సార్లు పోవాల్సి వస్తుంది. మధ్యలో సలుపు తగ్గింది కదా అని మానేస్తే చేసిందంతా వృథా.

ఇది చేయిస్తే క్యాన్సర్ వస్తుందని మన ఫోన్లలో ఒక కబురు తిరుగుతోంది. దానికి వందేళ్ళ పాత మూలం ఉంది. వెస్టన్ ప్రైస్ అనే అమెరికా పళ్ళ డాక్టరు, ఇలా వైద్యం చేసిన పళ్ళ నుంచే ఒంట్లో రకరకాల జబ్బులు పుడతాయన్నాడు. ఆ మాట నమ్మి ఎంతోమందికి మంచి పళ్ళు కూడా పీకించారు. తర్వాతి పరిశోధకులు ఆయన ప్రయోగాలు సరిగా లేవని తేల్చారు.

డబ్బు మాట కూడా నిజమే. ప్రైవేటులో ఇది వేలల్లో పని, కూలికి పోయేవాళ్ళకు మాటలు కాదు. విజయవాడలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. ఇలాంటి కళాశాలల్లో, పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో చదువుకునే పిల్లలు తక్కువ ఖర్చుతో చేస్తారు. అక్కడికి పోలేని పక్షంలో పన్ను తీయించుకోవడం కూడా వైద్యమే, అందులో సిగ్గు లేదు. దవడ కింద వాచి, జ్వరం వచ్చి, నోరు తెరుచుకోకపోయినా మింగుడు పడకపోయినా ఊపిరి ఆడకపోయినా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. అది ప్రాణం మీదకు వచ్చే సంగతి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి పోవాలి.

ఇప్పుడు ఓర్చుకోవాలా అన్న ప్రశ్న. సల్లత్థ సుత్తంలో బుద్ధుడు రెండు బాణాల పోలిక చెప్పాడు. ఒంటికి వచ్చే నొప్పి మొదటి బాణం. దాని మీద మనం పడే ఏడుపు, భయం, రోత రెండో బాణం. సాధన చేసినవాడికి రెండో బాణం తగలదని చెప్పాడు. మొదటి బాణాన్ని ఒంట్లోనే ఉంచుకోమని మాత్రం ఎక్కడా చెప్పలేదు. మాలుంక్యపుత్తుడికి చెప్పిన విషబాణం కథలో కూడా, వైద్యుణ్ణి బాణం తీయనివ్వకుండా ప్రశ్నలు వేసేవాడు చస్తాడన్నాడు.

ఈ తేడా తెలియక నేనూ ఒకసారి తప్పు పాఠం చెప్పాను. పత్తి పోయి అప్పులపాలైన ఒక తమ్ముడు నెలల తరబడి నిద్రలేకుండా, తిండి మానేసి, ఎవరితో మాట్లాడకుండా ఉంటే, ఆనాపాన సతి చేసుకోమని కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకుంటే అతనికి అప్పులవాళ్ళే కనపడేవాళ్ళు. ఇంకా కుంగిపోయాడు. ఒక రాత్రి అతని భార్య పురుగుమందు డబ్బాను చేతిలోంచి లాక్కుంది. తెల్లారి గుంటూరు పెద్దాసుపత్రి మానసిక విభాగానికి తీసుకుపోయిందీ ఆమే, నేను కాదు. మందులు, మాటల వైద్యం రెండూ నడిచాయి. కొన్ని వారాలకు అన్నం తిన్నాడు, కొన్ని నెలలకు పొలానికి పోయాడు. ధ్యానం ఇప్పుడు చేస్తున్నాడు, మందులు కూడా వేసుకుంటున్నాడు. పది రోజుల విపశ్యన శిబిరాల నియమావళిలో సైతం తీవ్రమైన మానసిక రోగం ఉన్నవాళ్ళు రావద్దనే ఉంటుంది. అది నేను ముందే చదవాల్సింది.

అంగుత్తర నికాయంలో రోగాలు రెండు, ఒంటి రోగం, మనసు రోగం అని ఉంది. ఒంటి రోగం లేకుండా ఏళ్ళకు ఏళ్ళు గడిపినవాళ్ళు దొరకొచ్చు, మనసు రోగం లేకుండా ఒక్క క్షణం గడిపినవాళ్ళు దొరకడం కష్టమని కూడా ఉంది. అంటే మనసు జబ్బు పిచ్చివాళ్ళకే వచ్చేది కాదు. బుద్ధుడు మంచి రోగి లక్షణాలు ఐదు చెప్పాడు. మందు వేసుకోవడం వాటిలో ఒకటి, ఉన్న బాధను దాచకుండా సేవ చేసేవాళ్ళకు చెప్పడం ఇంకొకటి. మన మగవాళ్ళకు ఈ రెండోది చేతకాదు.

ఒక మాట అడుగుతారు: కులం పెట్టిన గాయానికి డాక్టరు ఏం చేస్తాడు? కాలేజీలో అవమానపడ్డ పిల్లవాడి దుఃఖానికి కారణం వాడి మెదడు కాదు, ఎదుటివాడి కులగర్వం. దానికి చట్టం, సంఘం, పోరాటం కావాలి. కానీ ఆ పిల్లవాడు నిద్రపోవడం లేదు, చావు గురించి మాట్లాడుతున్నాడు. వాడికి ఈ రాత్రికే సాయం కావాలి. కేసూ పెడదాం, డాక్టరు దగ్గరికీ తీసుకుపోదాం.

ఇది కొత్త సంగతి కాదు మనకు. జీవకుణ్ణి పుట్టగానే చెత్తకుప్ప మీద పారేశారు. అతనే తక్షశిలలో చదివి, పుర్రె విప్పి వైద్యం చేసి, బుద్ధుడికీ సంఘానికీ వైద్యుడయ్యాడు. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువుకు బుద్ధుడు నీళ్ళు పోస్తే ఆనందుడు కడిగాడు. మన మాచర్ల పక్కనే, నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల కాలం నాటి ఒక శాసనంలో జ్వరాలయం అన్న మాట దొరికింది. జ్వరపడ్డవాళ్ళు కోలుకునే చోటని పండితులు చెబుతారు. పదిహేడు వందల ఏళ్ళ కింద మన పల్నాటి విహారంలో రోగికి గది ఉంది. ఈ రోజు మన విహారంలో మందుల పెట్టె కూడా లేదు.

అక్కను మంగళవారం పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. మొదటి సిట్టింగ్ అయింది, ఇంకా రెండున్నాయి. కూలి పోయిన రోజులకు సంఘం తరఫున చందా వేశాం.

వచ్చే పున్నమికి వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న బిళ్ళల అట్టలన్నీ సంచిలో వేసుకు రండి. మన నర్సు చెల్లెలు చూసి, ఏవి డాక్టరును అడగాలో చెబుతుంది. మిరప, పత్తి మందు డబ్బాలు ఇంట్లో కాకుండా తాళం వేసే చోట పెట్టండి. మనసు బాగాలేనివాళ్ళు 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరును విహారం గోడ మీద, పంచశీల పక్కన రాయించాం.