ప్రభువు బల్లయొద్ద పాడదగిన పాట

పాఠభాగములు: మత్తయి 26:26–30, 1 కొరింథీయులకు 11:17–34, కీర్తన 34



మన పల్లె సంఘములలో ప్రభురాత్రి భోజన సంస్కారమునకు ముందటి దినముననే సిద్ధపాటు జరుగును. బల్లమీది తెల్లగుడ్డను ఉతికి ఆరవేయుదురు. పాత్రలు తోముదురు. రొట్టెయు ద్రాక్షారసమును ఉన్నవో లేవో సంఘపెద్ద రెండు మారులు చూచుకొనును. పాట సంగతి మాత్రము ఎవరును తలంపరు. ఆ నిమిషమున ఎవరి నోటికి ఏది వచ్చిన అదే పాట. నేనును చాల యేండ్లు ఆలాగే జరిగించితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఈస్టరు ఆదివారమున, మా యౌవనస్థులు నేర్చుకొన్న క్రొత్త పాటను సంస్కార సమయమునకు నేనే ఏర్పరచితిని. కీబోర్డు మ్రోగెను. నలుగురు పిల్లలు మైకు చుట్టు నిలిచి చక్కగా పాడిరి. ఆరాధన ముగిసిన పిమ్మట, మందిరపు మెట్లమీద కూర్చున్న ఒక వృద్ధురాలిని, “పాట ఎట్లుండెనమ్మా?” అని అడిగితిని. ఆమె, “బాగనే ఉండాది అయ్యగారూ. వాళ్లు పాడినారు, మేం తిన్న్యాం” అనెను.

ఆమె మాటలో నింద లేదు. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొరింథు సంఘములో కొందరు ముందుగా భుజించి తృప్తిపొందగా, బీదలు ఆకలితో ఉండిపోయిరని పౌలు గద్దించెను. మా సంఘములో రొట్టె అందరికిని అందినది గాని పాట నలుగురికే అందినది. బల్లయొద్ద పాట అలంకారమా, లేక అందరును పాలుపొందవలసిన భాగమా? ఈ ప్రశ్నను ఈ నెల పాఠముగా మీ యెదుట ఉంచుచున్నాను.

1. మేడగదిలోని పాట

ప్రభువు శిష్యులతో భోజనము చేసిన పిమ్మట వారు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లిరని మత్తయియు మార్కును వ్రాసిరి. పస్కా పండుగలో 113 మొదలు 118 వరకు గల కీర్తనలను పాడుట యూదుల ఆచారము. వాటిలో కొన్నిటిని భోజనమునకు ముందును, మిగిలినవాటిని తరువాతను పాడుదురు. కావున ఆ రాత్రి పాడినవి ఇవియేయని పండితులనేకులు తలంచుచున్నారు.

ఇందులో రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, సిలువకు పోవుచున్న ప్రభువే బల్లయొద్ద పాడెను. రెండవది, అది శిష్యులకు క్రొత్త పాట కాదు. జాలరియు సుంకరియు చిన్ననాటినుండి కంఠస్థముగా ఎరిగిన పాటయే.

2. ప్రాచీన సంఘపు వాడుక

నాలుగవ శతాబ్దమునాటి యెరూషలేము సంఘములో, సంస్కారము పుచ్చుకొనుటకు గాయకుడు 34వ కీర్తన మాటలతో ప్రజలను పిలిచెడివాడని అధ్యక్షుడైన సిరిల్ పేరట నిలిచిన బోధలలో ఉన్నది. ప్రభువు ఎంత మంచివాడో రుచిచూడుమని పిలుచు కీర్తన అది. అంతకంటె తగిన పిలుపు మరి యేది?

ఆఫ్రికాలోని కార్తేజు పట్టణములో రొట్టె పంచునప్పుడు కీర్తనలు పాడు వాడుక మొదలుకాగా, హిలరీ అను ఒక గృహస్థుడు దానిని తీవ్రముగా ఎదిరించెను. అగస్టీను భక్తుడు అతనికి ప్రత్యుత్తరముగా ఒక పుస్తకము వ్రాసెను. ఆ పుస్తకము నేడు మనకు దక్కలేదు గాని సంగతి మాత్రము తెలియుచున్నది. కావున పాటనుగూర్చిన తగవు మన సంఘములలోనే పుట్టినది కాదు! సంస్కర్తల కాలమునను, 1526లో లూథరు సిద్ధపరచిన జర్మను ఆరాధన క్రమములో సంస్కారము పంచు సమయమునకు ప్రజల భాషలో పాటలు ఏర్పరచెను.

3. మన కతోలిక సహోదరులు

కతోలిక సంఘములో బలిపూజ ప్రార్థనలు బహుకాలము లాటిను భాషలోనే జరిగెను. 1963 డిసెంబరు 4వ తేదీన రెండవ వాటికన్ మహాసభ ఆరాధనలో దేశభాషలకు ద్వారము తెరచెను. 1976లో ఏర్పడిన కడప మేత్రాసన విచారణలలో నేడు వినబడునది తెలుగు పాటయే.

వారి పూజా క్రమపు నియమములు దివ్యసత్ప్రసాద గీతమునుగూర్చి స్పష్టముగా చెప్పుచున్నవి. గురువు సత్ప్రసాదము పుచ్చుకొనుచుండగా పాట మొదలుకావలెను. ప్రజలు పుచ్చుకొనునంతసేపు సాగవలెను. దాని పని మూడు విధములు: స్వరములు ఏకమగుటవలన ఆత్మల ఐక్యతను చూపుట, హృదయానందమును తెలుపుట, వరుసలో నడచుట ఒంటరి పని కాదనియు సంఘమంతయు కలిసి చేయు పనియనియు కనుపరచుట. అటుపిమ్మట మౌనముగా ప్రార్థింపవచ్చును, లేదా స్తుతికీర్తన పాడవచ్చును.

పాటను ఎట్లు పరీక్షింపవలెనో అమెరికా దేశపు కతోలిక బిషప్పులు 1972లో మూడు ప్రశ్నలుగా చెప్పిరి. సంగీతము మంచిదా? ఆరాధనలో ఆ చోటికి తగినదా? ఈ ప్రజలు, ఈ స్థలమున, దానితో ప్రార్థింపగలరా? మరల 2020లో, రాగము ఎంత ఇంపైనను పాట మాటలు సంఘ విశ్వాసమునకు సరిపోవునో లేదో తూచవలెనని వారి సిద్ధాంత సంఘము హెచ్చరించెను.

సంస్కారములో ప్రభువు సన్నిధిని వివరించు విధములో వారికిని మనకును భేదము గలదు. దానిని దాచనక్కరలేదు. కావున వారి పాట ప్రతిదియు మనకు సరిపడదు. మనది వారికి సరిపడదు. గాని పాటలు ఎన్నుకొనుటలో వారు చూపు జాగ్రత్త మనకును కావలసినదే.

4. అయిదు తూకపురాళ్లు

1982లో పెరూ దేశపు లీమా నగరమున అనేక సంఘముల వేదపండితులు కూడి, ఈ సంస్కారపు అర్థమును అయిదు అంశములుగా చెప్పిరి. పాటను తూచుటకు అవి మనకు మంచి తూకపురాళ్లు.

మొదటిది, తండ్రికి కృతజ్ఞత. రొట్టె పట్టుకొని ప్రభువు మొదట చేసినది స్తుతియే. మన పాటలో అడుగుటయే గాని స్తుతి లేకపోయిన, తూకము తక్కువ.

రెండవది, క్రీస్తును జ్ఞాపకము చేసికొనుట. నా కష్టము, నా కన్నీరు, నా స్వస్థత అని సాగి, సిలువ ఊసే యెత్తని పాటలు నేడు కొల్లలు. అవి ప్రార్థన కూటములకు తగును. బల్లయొద్ద మాత్రము ఆయన మరణమును ప్రకటించు పాట ఉండవలెను.

మూడవది, పరిశుద్ధాత్మను వేడుకొనుట. ఇది మనము తరచుగా మరచునది.

నాలుగవది, విశ్వాసుల సహవాసము. “నేను” అని పాడుట తప్పు కాదు. 34వ కీర్తనయు ఆలాగే మొదలగుచున్నది. గాని ఆరాధనయంతయు “నేను” అను పాటలే ఐనయెడల, ఒకే రొట్టెలో పాలుపొందు మనము ఒక్క శరీరమని చెప్పునదెవరు? మన భాషలో “మేము” అని ఒకటి, “మనము” అని ఒకటి గలవు. “మేము” అని దేవునితో చెప్పుదుము. “మనము” అని ప్రక్కవానితో చెప్పుదుము. “మనము” అనునప్పుడు వినువానిని బయట నిలువబెట్టజాలము. ముఠాకక్షలు తెలిసిన ఈ సీమలో ఆ మాట పాడుట సులభము కాదు. కనుకనే పాడవలెను.

అయిదవది, రాజ్యపు విందు. 1876–78 నాటి ధాత కరువులో ఈ జిల్లాల ప్రజలు గంజికొరకు బారులు తీరిరి. అట్టివారి సంతతికి విందు అనగా ఉత్త మాట కాదు. ఆయన వచ్చువరకు అను నిరీక్షణ పాటలో వినబడవలెను.

ఒక్క పాటయే ఈ అయిదింటికిని తూగవలెనని అనను. ఒక ఆరాధనలోని రెండు మూడు పాటలను కలిపి తూచుడి.

5. రాగమును నోరును

పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలైన భక్తులు మన కీర్తనలను కర్ణాటక రాగతాళములలో కట్టిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాటపైన రాగమును తాళమును అచ్చువేయుట మీరెరిగినదే. పల్లవి, చరణములు గల ఈ కట్టడి బల్లయొద్దకు ఎంతో అనుకూలము. ఒకరు చరణము పాడగా సంఘమంతయు పల్లవి అందుకొనును. రొట్టె పుచ్చుకొనువాని చేతులు ఖాళీగా ఉండవలెను గదా. పుస్తకము పట్టుకొని ఎట్లు నడచును? చదువురాని తల్లికిని పల్లవి నోటికి వచ్చును. అందరును పుచ్చుకొనుట ముగిసినయెడల ఏ చరణమునకైనను పాటను నిలుపవచ్చును.

క్రొత్త పాట వలదని నా భావము కాదు. నెల ముందుగానే గృహకూడికలలో దాని పల్లవి నేర్పుడి. రాగము వినగానే సినిమా కథ తలంపునకు వచ్చునట్లయిన, ఆ పాటను విడువుడి. వాద్యము సంఘస్వరమును నిలబెట్టవలెను గాని మ్రింగకూడదు. చివరకు కొంతసేపు మౌనమునకు చోటియ్యుడి.

మరుసటి నెల సంస్కారమునకు మేము ఒక పాత కీర్తనను ఎన్నుకొంటిమి. పల్లవి ఎత్తుకొన్నది ఆ వృద్ధురాలే. పొలము గట్టు తగాదావలన రెండు సంవత్సరములుగా మాటలు లేని అన్నదమ్ములిద్దరు ఆ దినమున ఒకే వరుసలో మోకరించి, ఒకే పల్లవి పాడిరి. వారి తగాదా ఆనాడే తీరినదని చెప్పను, తీరలేదు. మెట్లు దిగి ఎవరి దారిన వారు పోయిరి. అయినను రెండు సంవత్సరములలో వారిద్దరి నోట ఒకే మాట వచ్చినది ఆ బల్లయొద్దనే. అది ప్రభువు చేసిన పని. దానికి అడ్డు రాకుండునట్టి పాటను ఎన్నుకొనుట మన పని.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. గత సంస్కార ఆదివారమున మీ సంఘములో ఏ పాట పాడిరి? దానిని ఎవరెవరు పాడలేకపోయిరి?
2. ఆ పాట అయిదు తూకపురాళ్లలో ఎన్నిటికి తూగెను?
3. “మనము” అని మీరు ఎవరితో కలిసి పాడజాలకున్నారు? రాబోవు సంస్కారమునకు ముందు వారి యింటికి వెళ్లగలరా?

ప్రభువు మన నోళ్లను తెరచి, మన హృదయములను ఏకము చేయునుగాక. ఆమేన్.