ఒక కంపెనీ ట్రాన్స్‌మిటరు, మరో కంపెనీ రిసీవరు

మా హాస్టల్లో ఏ జూనియరైనా కొత్తగా మోడల్ విమానం కట్టడం మొదలుపెట్టాడంటే, వారం తిరక్కుండా నా గదికొచ్చి అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఫైనలియర్ వాళ్ళ దగ్గర ట్రాన్స్‌మిటర్ చవగ్గా వస్తోంది. నా దగ్గరున్న రిసీవరు వేరే కంపెనీది. రెండూ కలుస్తాయా?"

దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. అలా ఒక్క ముక్కలో "కలుస్తాయిలే" అనుకున్నందుకే పోయిన సంవత్సరం నా రూమ్మేటు చూపుడువేలికి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు అసలు విషయం చూద్దాం.

రేడియో కంట్రోల్ విమానంలో ప్రధానంగా వుండేవి నాలుగు. మన చేతిలో వుండే పెట్టె ట్రాన్స్‌మిటరు. విమానం పొట్టలో అగ్గిపెట్టె కన్నా చిన్నదిగా వుండేది రిసీవరు. రెక్కల్లోని ఎయిలెరాన్లనూ, తోకలోని ఎలివేటర్, రడ్డర్లనూ తిప్పే చిన్న యంత్రాలు సర్వోలు. మోటారు వేగాన్ని అదుపు చేసేది ఇ.ఎస్.సి. వీటి మధ్య అతుకులు రెండు చోట్ల వున్నాయి. ట్రాన్స్‌మిటరుకీ రిసీవరుకీ మధ్య గాలి, రిసీవరుకీ సర్వోకీ మధ్య తీగ. మనవాళ్ళు ఈ రెండింటినీ కలిపేసి ఆలోచిస్తారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది. తీగ దగ్గర కంపెనీల మధ్య దాదాపు సయోధ్యే. గాలిలో మాత్రం ఎవరి భాష వారిది.

తీగ సంగతి సులభం. రిసీవరు ప్రతి సర్వోకూ సుమారు 20 మిల్లీసెకన్లకొకసారి ఒక విద్యుత్ పల్స్ పంపుతుంది. ఆ పల్స్ నిడివి 1 మిల్లీసెకను వుంటే సర్వో ఒక కొసకు, 2 వుంటే రెండో కొసకు, 1.5 వుంటే మధ్యకు తిరుగుతుంది. ఈ పద్ధతి 1960ల నాటి డిజిటల్ ప్రపోర్షనల్ సెట్ల నుంచి వస్తున్నది. ఫుటాబా వారు మధ్యస్థానాన్ని 1.52 అంటారు, జె.ఆర్. వారు 1.5 అంటారు. ఆ తేడా ట్రిమ్ రెండు మెట్లు నొక్కితే పోతుంది. అందుకనే ఏ కంపెనీ సర్వో అయినా ఏ కంపెనీ రిసీవరుకైనా తగిలించవచ్చు.

ప్లగ్గులో మూడు తీగలుంటాయి. ఫుటాబాలో నలుపు, ఎరుపు, తెలుపు. జె.ఆర్.లో గోధుమ, ఎరుపు, నారింజ. హైటెక్‌లో నలుపు, ఎరుపు, పసుపు. రంగులు వేరైనా వరస ఒకటే: నెగటివ్, పాజిటివ్, సిగ్నల్. ఫుటాబా ప్లగ్గుకు పక్కన చిన్న రెక్కలాంటిది వుంటుంది. మిగతా వారి సాకెట్లో అది పట్టదు. బ్లేడుతో చెక్కేస్తే సరిపోతుంది. పాజిటివ్ నడిమధ్యన వుండడం మన అదృష్టం. ప్లగ్గు తిరగేసి పెట్టినా సాధారణంగా సర్వో పనిచెయ్యదు తప్ప కాలిపోదు. అయితే పాతకాలపు సాన్వా సెట్లలో, అంటే అమెరికాలో ఎయిర్‌ట్రానిక్స్ పేరుతో అమ్మినవాటిలో, ఈ వరస వేరు. పాత సామాను ఎవరైనా అభిమానంగా ఇస్తే ముందు ఎర్రతీగ ఎక్కడుందో చూసుకోండి. అది మధ్యలో లేదంటే తీగలు మార్చనిదే పెట్టకూడదు.

తీగలు కలిసినంత మాత్రాన ఇనుము కలవాలని లేదు. సర్వో ఇరుసు మీద సన్నని పళ్ళుంటాయి. ఫుటాబా ప్రామాణిక సర్వోకు 25, హైటెక్‌కు 24, జె.ఆర్.కు 23. కంటికి మూడూ ఒక్కలాగే వుంటాయి. ఒకదాని ఆర్మ్ ఇంకొకదానికి బలవంతాన దూరుస్తే ఎక్కినట్టే ఎక్కి, గాలిలో లోడు పడగానే జారుతుంది. వోల్టేజీ కూడా అంతే. నాలుగు నికెల్-కాడ్మియం సెల్స్‌తో 4.8 వోల్టులకు తయారైన సర్వోకు నేటి 7.4 వోల్టుల సప్లై ఇస్తే అట్టే బ్రతకదు. డిజిటల్ సర్వోల కోసం పల్సులను మరీ వేగంగా పంపే రిసీవర్లున్నాయి. వాటికి పాత అనలాగ్ సర్వో తగిలిస్తే వేడెక్కి మాడిపోతుంది.

ఇక గాలి. 2.4 గిగాహెర్ట్జ్ రాకముందు అమెరికాలో విమానాలకు 72 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 35 మెగాహెర్ట్జ్ వాడేవారు. చిత్రమేమంటే ఆ రోజుల్లోనే కంపెనీల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఎక్కువ. మామూలు ఎఫ్.ఎం. సెట్లలో పంపే సంకేతం ఒకటే, ఫ్రీక్వెన్సీ ఏ వైపుకు జరుగుతుందన్నదే తేడా. ఫుటాబా, హైటెక్ వారిది నెగటివ్ షిఫ్ట్. జె.ఆర్., ఎయిర్‌ట్రానిక్స్ వారిది పాజిటివ్ షిఫ్ట్. కాబట్టి ఫుటాబా ట్రాన్స్‌మిటరుతో హైటెక్ రిసీవరు చక్కగా నడిచేది. హైటెక్ వారైతే కొన్ని ట్రాన్స్‌మిటర్లలో షిఫ్ట్ మార్చుకునే వీలు కూడా పెట్టారు. క్రిస్టల్స్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాల్సి వచ్చేది. సింగిల్ కన్వర్షన్ రిసీవరు క్రిస్టల్ డ్యుయల్ కన్వర్షన్ రిసీవరుకు పనికిరాదు. పి.సి.ఎం. అనే పద్ధతి వచ్చాక ఈ స్నేహం చెడింది. అందులో ఒక్కొక్క కంపెనీ కోడింగ్ ఒక్కొక్క తీరు.

2000 దశకం మధ్యలో స్పెక్ట్రమ్ కంపెనీ డి.ఎస్.ఎం. పేరుతో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు తెచ్చింది. ఫుటాబా ఫాస్ట్ తెచ్చింది. మన దేశంలో 2005లో ఈ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు మినహాయించారు. ఇప్పుడు హాస్టల్లో కనబడేవన్నీ ఇవే. అన్నిటిదీ ఒకే బ్యాండు గదా, మరి కలవవేం? అని అడుగుతారు.

మన కాలేజీనే తీసుకోండి. సివిల్ వాళ్ళకీ మెకానికల్ వాళ్ళకీ గదులు అవే. టైంటేబుల్ వేరు. మెకానికల్ టైంటేబుల్ పట్టుకుని తిరిగే కుర్రాడికి సివిల్ లెక్చరరు ఎప్పుడైనా ఒకసారి ఎదురుపడతాడేమో గానీ పాఠం అందదు. ఇదీ అంతే. ట్రాన్స్‌మిటరు, రిసీవరు రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకొక ఫ్రీక్వెన్సీకి దూకుతూ వుంటాయి. ఆ దూకే వరస, మాట్లాడే వేగం, మాటల కూర్పు ప్రతి కంపెనీకీ సొంతం. బైండింగ్ అంటే రిసీవరుకు ఫలానా ట్రాన్స్‌మిటరు గుర్తింపు సంఖ్యను నేర్పడం. భాషే రానివాడికి పేరు నేర్పి ప్రయోజనమేమిటి?

కంపెనీ ఒకటైనంత మాత్రాన కూడా సరిపోదు. ఫ్లైస్కై వారి ఎ.ఎఫ్.హెచ్.డి.ఎస్. వేరు, 2ఎ వేరు. ఫ్రస్కై వారి డి8 వేరు, డి16 వేరు. డి16లో కూడా యూరప్ ఫర్మ్‌వేర్‌కూ అంతర్జాతీయ ఫర్మ్‌వేర్‌కూ పొసగదు. కొనేటప్పుడు డబ్బా మీద కంపెనీ పేరు కాదు, ప్రోటోకాల్ పేరు చదవాలి.

దీనికి విరుగుడు కనిపెట్టింది అభిరుచి కొద్దీ పనిచేసే వాళ్ళే, కంపెనీలు కాదు. రేడియో చిప్పులు బజార్లో ఎవరికైనా దొరికేవే. ఫ్లైస్కై పాత సెట్లలో ఎ7105, ఫ్రస్కైలో సి.సి.2500, స్పెక్ట్రమ్‌లో సి.వై.ఆర్.ఎఫ్.6936, బొమ్మ డ్రోన్లలో ఎన్.ఆర్.ఎఫ్.24 జాతి. ఈ నాలుగింటినీ ఒకే బోర్డు మీద పెట్టి, ఆయా భాషలను కూపీ లాగి, ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. అదే మల్టీప్రోటోకాల్ మాడ్యూల్. ట్రాన్స్‌మిటరు వెనక తగిలిస్తే చాలా కంపెనీల రిసీవర్లతో మాట్లాడుతుంది. అన్నిటితో కాదు. ఎక్స్‌ప్రెస్ ఎల్.ఆర్.ఎస్. అనేది ఇంకొక దారి. సాఫ్ట్‌వేర్ అందరిదీ ఒకటే కనుక, ఏ కంపెనీ తయారుచేసినా, ఒకే బ్యాండుకు చెందినవైతే కలుస్తాయి. వెర్షన్ మొదటి అంకె మాత్రం రెండు చోట్లా ఒకటే వుండాలి.

బైండ్ అయింది, దీపం వెలిగింది. ఇక ఎగరెయ్యడమే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

పోయిన సంవత్సరం టెక్నికల్ ఫెస్ట్‌కు మా గది వాళ్ళం నలుగురం డబ్బులేసుకుని ఒక ట్రైనర్ విమానం కట్టాం. ట్రాన్స్‌మిటరు, మల్టీప్రోటోకాల్ మాడ్యూలు సీనియర్ దగ్గర అరువు. రిసీవరు వేరే కంపెనీది. అయిదు నిమిషాల్లో బైండ్ అయింది. నాకు తెలియని విషయం ఒకటుంది. ఛానళ్ళ వరస. ఫుటాబా, హైటెక్ సంప్రదాయంలో 1 ఎయిలెరాన్, 2 ఎలివేటర్, 3 త్రాటిల్, 4 రడ్డర్. జె.ఆర్., స్పెక్ట్రమ్ సంప్రదాయంలో త్రాటిల్ మొదట వచ్చి, తక్కిన రెండూ ఒక్కొక్క మెట్టు దిగుతాయి. సీనియర్ తన పాత మోడల్‌కు ఈ రెండో వరస పెట్టుకున్నాడు. నేను రిసీవరుకు మొదటి వరసలో తీగలు తగిలించాను. అంటే నా ఎలివేటర్ స్టిక్ మోటారుకు చేరిందన్నమాట.

బ్యాటరీ పెట్టాం. స్టిక్ మధ్యలో వుంది కనుక ఇ.ఎస్.సి.కి సగం త్రాటిల్ అందింది. అలా వున్నప్పుడు అది మోటారును తిప్పదు, సున్నా వచ్చేదాకా కాచుకుంటుంది. తోక ఆడుతుందేమో చూద్దామని ఎలివేటర్ స్టిక్ తోశాను. కదల్లేదు. కొసదాకా తోసి పట్టుకున్నాను. ఇ.ఎస్.సి. బీప్ బీప్ మంది. దానికి సున్నా అందింది, సిద్ధమైంది. "ఒరేయ్, తీగ వూడిందేమో చూస్తానుండు" అని రూమ్మేటు విమానం ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. నేను స్టిక్ వదిలేశాను. స్టిక్ మధ్యకొచ్చింది. మోటారు సగం వేగంతో తిరిగింది.

ప్రొపెల్లర్ పది అంగుళాలది. గదిలో గోడ మీద ఇప్పటికీ మచ్చలున్నాయి. ఎముకకు తగల్లేదు. వాడు మూడు వారాలు ఎడమచేత్తో అన్నం తిన్నాడు. సెషనల్స్ నేను పక్కన కూర్చుంటే మాటలు చెప్పి రాయించాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

అందువల్ల ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ప్రొపెల్లర్ విప్పమంటాను. తరువాత ఒక్కొక్క స్టిక్ కదిపి, ఏది కదులుతోందో, ఏ వైపుకో చూడమంటాను. ఫుటాబా ట్రాన్స్‌మిటరైతే వేరే వాళ్ళ ఇ.ఎస్.సి.తో త్రాటిల్ తరచు తలకిందులుగా వుంటుంది, రివర్స్ చేసుకోవాలి. ఆ తరువాత మోటారు నెమ్మదిగా తిరుగుతుండగా ట్రాన్స్‌మిటరు ఆపి చూడాలి. కొన్ని రిసీవర్లు సంకేతం పోగానే మోటారు ఆపుతాయి. కొన్ని ఆఖరి ఆజ్ఞనే పట్టుకుని వుంటాయి. అలాంటి విమానం ఎవరి మాటా వినకుండా ఫుల్ త్రాటిల్‌లో ఎటో పోతుంది. రిసీవరు మార్చి బైండ్ చేసిన ప్రతిసారీ ఫెయిల్‌సేఫ్ మళ్ళీ పెట్టి, మళ్ళీ పరీక్షించాలి. చివరగా రేంజి చెక్. ట్రాన్స్‌మిటరులో శక్తి తగ్గించే ఏర్పాటు వుంటుంది. అది నొక్కి ముప్ఫై అంగలు దూరం నడిచి, సర్వోలు వణక్కుండా పనిచేస్తున్నాయో లేదో చూడాలి.

ఆ విమానం ఫెస్ట్‌లో ఎగరలేదు. సంక్రాంతి సెలవుల తరువాత, ఒక ఆదివారం పొద్దున్నే హాస్టల్ వెనక గ్రౌండులో ఎగిరింది. ట్రాన్స్‌మిటరు రూమ్మేటు పట్టుకున్నాడు. దాని వెనక మూత మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, ఛానళ్ళ వరస వాడే రాశాడు.