తిన్న కంచం వాళ్ళే ఎత్తాలి

చి. ల. సౌ. శిరీషకి,

నీ ఉత్తరంలో పెద్దాడు గోధుమపిండి డబ్బా బోర్లించడం, చిన్నాడు ఆ పిండిలో బొమ్మ లారీ నడపడం, కింది వాటావాళ్ళు చప్పుడు భరించలేక మెట్లెక్కి రావడం చదివి నేనేమీ కంగారుపడలేదు. ఆరేళ్ళవాడూ నాలుగేళ్ళవాడూ ఉన్న ఇల్లు అలాగే ఉంటుంది. సాయంత్రాలు ఇద్దర్నీ ట్యూషన్‌లో పడేస్తే రెండు గంటలైనా ఊపిరి పీల్చుకుంటానన్నావే, అక్కడే గుండె కలుక్కుమంది. మీ ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో తల ఎత్తితే సీఏ కోచింగ్ బోర్డులే కనబడతాయి కనుక నీకా ఆలోచన రావడంలో వింత లేదు. కానీ తల్లీ, ఆ పసివాళ్ళకి కొరవడింది చదువు కాదు, చేతులకి పని. ఆ పని మీ ఇంట్లోనే బోలెడుంది.

1907లో రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో సరిగ్గా నీ సమస్యే వచ్చింది. తల్లిదండ్రులు కూలికి పోతే పిల్లలు ఆ ఇరుకు ఇళ్ళ మెట్లూ గోడలూ పాడుచేస్తున్నారని, వాళ్ళని ఒక గదిలో ఉంచి చూసుకునే ఏర్పాటు చేశారు. ఆ గది డాక్టర్ మరియా మాంటిస్సోరి చేతికొచ్చింది. నీళ్ళు ఒంపడం, ఊడవడం, బొత్తాలు పెట్టుకోవడం లాంటి నిజమైన పనులిస్తే ఆ పిల్లలే నిమగ్నమై కూర్చోవడం ఆవిడ గమనించారు. ఆవిడే 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎందరో టీచర్లను తయారుచేశారు. నువ్వూ ఆవిడ దారిలోనే పెద్దాడి చేతికి జల్లెడ ఇచ్చి చూడు. నేల మీద పాత దుప్పటి పరిచి, పిండి జల్లించమను. చిన్నాడి ముందు బఠానీకాయలు పోసి ఒలవమను. ఢిల్లీలో చలికాలం వాటికి కొదవలేదుగా! సగం గింజలు వాడి నోట్లోకే పోతాయి, పోనీ. పొయ్యి దగ్గరికీ కత్తిపీట దగ్గరికీ మాత్రం రానివ్వకు.

పార్కుకి తీసుకెళ్తే చాలదా అంటావు. తీసుకెళ్ళు, తప్పకుండా. మూడు నాలుగేళ్ళ పిల్లలు రోజుకి కనీసం మూడు గంటలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. కానీ నవంబరు పొగలో ఏం చేస్తావు? 2024లో బడులే మూసి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పారు కదా. అలాంటి రోజుల్లో గడప లోపల చేసే పనే దిక్కు. వాళ్ళు చేస్తే నీకు పని రెట్టింపవుతుందన్నదీ నిజమే, కాదనను. మొదట్లో అవుతుంది. ఇప్పుడు మాత్రం వాళ్ళు చిందరవందర చేసినదంతా నువ్వొక్కదానివే ఎత్తుతున్నావు కదమ్మా, నీ నడుం సంగతి ఎవరు చూస్తారు?

ఇక మీ అత్తగారు అనే మాట, "మగపిల్లలంటే అంతే". ఈ ఒక్క మాట దగ్గర నేను రాజీపడను. మన దేశంలో జరిగిన 2019 టైమ్ యూజ్ సర్వేలో ఆరేళ్ళు నిండిన ఆడవాళ్ళలో 81.2 శాతం మంది, మగవాళ్ళలో 26.1 శాతం మంది మాత్రమే రోజులో కాసేపైనా ఇంటిపని చేస్తున్నారని తేలింది. ఆరేళ్ళ నుంచే లెక్క, చూశావా? మన పెద్దాడు ఇప్పుడే ఆ లెక్కలోకొచ్చాడు. పుట్టుకతో చేతకానివాడైతే పిండి డబ్బా కోసం అంత ఎగబడడు. ఇంట్లో మగవాళ్ళు కంచంలోనే చెయ్యి కడిగేసి లేచిపోవడం చూసి నేర్చుకుంటాడు. అందుకే మిగతావన్నీ నీ ఓపికని బట్టి చేయించు గానీ, తిన్న కంచం మాత్రం వాళ్ళే ఎత్తి సింకులో పెట్టాలి. చుట్టాలొచ్చినా, పండగైనా, నిద్ర ముంచుకొస్తున్నా సరే. స్టీలు కంచమే, జారిపడితే చప్పుడవుతుందంతే. ఆ చప్పుడుకీ కింది వాటావాళ్ళు వస్తే నేను రాశానని చెప్పు. అల్లుడుగారు కూడా తన కంచం తనే ఎత్తాలి. ఆయన కూర్చుని పిల్లల్ని లెమ్మంటే ఒక్కరోజు కూడా సాగదు. మొహమాటపడకుండా ఈ ఉత్తరం ఆయనకే ఇచ్చి చదవమను.

ట్యూషన్‌కి ఫీజు కట్టకు. చిన్నాడి దగ్గు తగ్గిందో లేదో రాయి. నువ్వు మధ్యాహ్నం వేళకి తింటున్నావా?

ఇట్లు,
పెద్దమ్మ