సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయలు

పుట్టిన ఊరు విడిచి వేరొక చోట స్థిరపడటాన్ని వలస అంటాము. బతుకుదెరువు కోసం పోయేది ఒక రకం. ప్రాణభయంతో పోయేది మరొక రకం.

1915లో మొదలైన ఊచకోత నుండి బయటపడిన అర్మేనియన్లు సిరియా, లెబనాన్, ఫ్రాన్స్, అమెరికా దేశాలకు చేరారు. లెబనాన్ వారికి పౌరసత్వం ఇచ్చింది. బీరూట్ పక్కన బుర్జ్ హమూద్‌లో వారు తమ బడులు, చర్చిలు కట్టుకొని భాషను నిలుపుకొన్నారు.

ప్రాణభయంతో వచ్చినవారు మన జిల్లా అడవుల్లోనూ ఉన్నారు. వారిని మనం గుత్తికోయలు అంటాము. వీరిది ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం. మిర్చి ఏరే కూలి పనులకు అక్కడివారు ఖమ్మం వైపు రావడం మామూలే. కాని 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక, రెండు వైపులా నలిగిపోయిన కుటుంబాలు ఊళ్లు వదిలి ఇక్కడికి వచ్చాయి. గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి పోరుకు దింపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న తీర్పు చెప్పింది. అప్పటికే ఎన్నో గుడిసెలు ఇక్కడ లేచాయి.

వీరి మాట గోండీకి చెందినది. అందులో 'యేర్' అంటే నీళ్లు. వింటే మన 'ఏరు' గుర్తుకు వస్తుంది.

వీరు దేశం దాటలేదు, రాష్ట్రమే దాటారు. అయినా చిక్కు పెద్దది. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికొకటి ఉంటుంది. ఒక రాష్ట్రపు ఎస్టీ, వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ రిజర్వేషన్ కోరలేడని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుండి సాగులో ఉన్న భూమికే వర్తిస్తుంది. ఆ తరువాత వచ్చిన వారి పోడుకు పట్టా లేదు. కుల ధ్రువీకరణ పత్రం విలువ హాస్టల్లో చదివే మనకు వేరే చెప్పనక్కరలేదు. అది లేక ఇక్కడే పుట్టిన పిల్లలు కూడా వెనుకబడుతున్నారు.

అయితే బడి తలుపు మూయడానికి వీలు లేదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత విద్య ఇచ్చింది. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా పంపరాదు.

మిత్రులారా! సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు మన పక్క గుంపులో బడికి పోని పిల్లలుంటే ఈ సంగతి వారి తల్లిదండ్రులకు చెబుదాం. ఉపాధ్యాయుని దగ్గరకు తోడు వెళదాం. వారి మాటను చూసి నవ్వకుండా నాలుగు మాటలు నేర్చుకుందాం. మనల్ని నిలబెట్టిన చదువు వారికీ అందాలి.