నీరు కరవైన దేశములో కంగారూ



వేసవిలో గోదావరి కాలువలు కట్టివేసి, పెద్దాపురము వైపు మెట్టచెరువులు అడుగంటిన దినములలో మన గేదెలు ఏమి చేయునో అందరెరిగినదే. ఒక మడుగు మిగిలియున్నను మెడ వరకు దానిలోనే పడియుండును. అడవి గాడిదలు ఊటలయొద్ద దప్పి తీర్చుకొను సంగతి 104వ కీర్తనలో చదివియున్నాము. అయితే మడుగును ఊటయు అరుదైన చోట మృగము ఎట్లు బ్రదుకును? ఆస్ట్రేలియా ఖండపు నడిభాగమున నివసించు ఎఱ్ఱ కంగారూను చూచినచో దీనికి జవాబు దొరకును.

మన భాషలో కంగారు అనగా తొట్రుపాటు. ఈ పేరునకు దానితో సంబంధము లేదు. అచ్చటి ఆదివాసుల మాటను 1770లో కెప్టెన్ కుక్కు ఓడవారు విని వ్రాసికొనిరి. నిజమునకు ఎండవేళ ఈ జంతువు ఎంతో నిదానమైనది. పగటి వేడిమిలో చెట్టునీడను పండుకొనును. పైమన్ను కాలుచుండును గనుక దానిని గీకివేసి, అడుగునున్న చల్లని మంటిలో ఒరగును. ప్రొద్దు వాలిన తరువాత మేతకు లేచును.

ఎండ మిక్కుటమైనప్పుడు అది తన ముంజేతులను నాకుకొనును. అచ్చట చర్మము క్రిందనే సన్నని రక్తనాళములు వలవలె అల్లుకొనియున్నవి. ఉమ్మి ఆరుచుండగా ఆ రక్తము చల్లబడి దేహములోనికి మరలును. మట్టికుండ చెమర్చి లోని నీరు చల్లబడుట వంటిదే యిది. గేదెకు మడుగంత నీరు కావలెను. దీనికి నోటి తడి చాలును.

కంగారూ నీరే త్రాగదని కొందరందురు. అది సరికాదు, దొరికినప్పుడు త్రాగును. పచ్చిమేత యున్నంతకాలము అందలి తేమతోనే చాలవరకు గడుపుకొనును. నీరు దాచుకొను తిత్తి యేదియు దానికి లేదు. ఉన్నదానిని పోనియ్యకుండుటయే దాని నేర్పు. మూత్రపిండములు నీటిని మరల రక్తములోనికి లాగుకొనుటచే మూత్రము చిక్కగా, కొద్దిగా వచ్చును.

పిల్లతల్లి సంగతి మరింత వింతగా నుండును. పుట్టినప్పుడు పిల్ల తూకము ఒక గ్రామైనను ఉండదు. సుమారు ఎనిమిది మాసములు తల్లి పొట్టమీది సంచిలో పాలు త్రాగి పెరుగును. పాలతో పోవు నీరు తల్లికి పెద్ద ఖర్చే. సంచిలో పిల్ల విడిచిన మూత్రమును తల్లి నాకివేయును. సంచి శుభ్రపడును, ఇచ్చిన నీటిలో కొంత తిరిగి చేరును.

కరవు ముదిరి పచ్చిక మాడిపోయినచో ఈ పొదుపును చాలదు. పాలు తగ్గి సంచిలోని పిల్ల చనిపోవును. అప్పటికే గర్భములో మరియొక పిండము ఎదుగక ఆగియుండుట కద్దు. సంచి ఖాళీ కాగానే అది ఎదుగసాగును. ఇంకను వానలు రాకున్నచో తల్లి ఎదకు వచ్చుటయే మానును. మంచి వాన కురిసి పచ్చిక మొలచినచో, త్వరలోనే మరల చూలు కట్టును.